ఆంగ్ల రచనలో విశేషణాలు, క్రియావిశేషణాలు

(కళాశాల విద్యార్థులను, భాషోపాధ్యాయులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

1948 డిసెంబరులో రాజ్యాంగ సభ పౌరుల స్వేచ్ఛలను గురించి చర్చించింది. శాంతియుతంగా సమావేశం కావడానికి, సంఘాలు స్థాపించుకోవడానికి, దేశమంతటా సంచరించడానికి, ఇష్టమైన వృత్తిని అవలంబించడానికి ముసాయిదా పౌరులకు హక్కులిచ్చింది. ఆ వెంటనే వాటిపై ఆంక్షలు విధించే అధికారాన్ని కూడా ప్రభుత్వానికి ఇచ్చింది. అప్పుడు పండిత ఠాకూర్ దాస్ భార్గవ ఒక సవరణను ప్రతిపాదించారు. 'ఆంక్షలు' అనే నామవాచకానికి ముందు ఒక్క విశేషణాన్ని చేర్చాలన్నదే ఆ సవరణ. ఆ మాట 'రీజనబుల్', అనగా 'సమంజసమైన'. సభ దానిని ఆమోదించింది.

చేరినది ఒక్క మాటే అయినా, దాని వల్ల కలిగిన మార్పు చిన్నది కాదు. చట్టం విధించిన ఆంక్ష సమంజసమా, కాదా అని విచారించే అధికారం న్యాయస్థానాలకు ఆ విశేషణం ద్వారా సంక్రమించింది. భావ ప్రకటన స్వేచ్ఛపై విధించే ఆంక్షలకు తొలుత ఈ విశేషణం లేదు. 1951లో మొదటి రాజ్యాంగ సవరణ దానిని అక్కడ కూడా చేర్చింది. మరుసటి సంవత్సరమే సర్వోన్నత న్యాయస్థానం, పతంజలి శాస్త్రి ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న కాలంలో, ఆంక్ష సమంజసమో కాదో నిర్ణయించేటప్పుడు ఏ అంశాలను తూచి చూడాలో వివరించింది.

అదే రాజ్యాంగపు 21వ అధికరణంలో 'లిబర్టీ' అనే మాటకు ముందు 'పర్సనల్' అనే విశేషణం కనిపిస్తుంది. దానిని చేర్చినది ముసాయిదా సంఘం. స్వేచ్ఛ అనే మాటకు మరీ విశాలమైన అర్థం రాకుండా చూడడమే అందలి ఉద్దేశం. ఈ రెండు ఉదాహరణలను పక్కపక్కన ఉంచి చూస్తే విశేషణం చేసే పని తేటతెల్లమవుతుంది. విశేషణం నామవాచకానికి అలంకారం కాదు. దాని పరిధికి వేసిన గట్టు. ఒకచోట ప్రభుత్వపు అధికారానికి గట్టు పడింది. మరొకచోట పౌరుని స్వేచ్ఛకు గట్టు పడింది.

రాజ్యాంగాన్ని రచించిన పెద్దలే ఒక్కొక్క విశేషణాన్ని ఇంత శ్రద్ధతో తూచినప్పుడు, దరఖాస్తునో పరీక్షా పత్రాన్నో ఆంగ్లంలో వ్రాసే విద్యార్థి ఆ భాషాభాగాల పట్ల ఉదాసీనంగా ఉండడం తగదు. ఉన్నత న్యాయస్థానాల వ్యవహారాలలోను, రాష్ట్రాల మధ్య ఉత్తర ప్రత్యుత్తరాలలోను, ఉన్నత విద్యలోను ఆంగ్లం నేటికీ వాడుకలో ఉన్నది. దానిని వ్రాయవలసి వచ్చినంత కాలం సరిగా వ్రాయడం అవసరం. మన విద్యార్థులు విశేషణాల విషయంలో, క్రియావిశేషణాల విషయంలో చేసే తప్పులు చాలావరకు అజ్ఞానం వల్ల కలిగినవి కావు. అవి మాతృభాషా వ్యాకరణపు అలవాట్లు. ఆ అలవాట్లను గుర్తించిన వారికి దిద్దుబాటు సులభం.

'గా' తెచ్చే చిక్కు

తెలుగులో 'మంచి', 'చిన్న', 'పెద్ద', 'పాత', 'కొత్త' వంటి సహజ విశేషణాలు కొద్దిపాటివే. తక్కినవానిని నామవాచకాల నుండి నిర్మించుకుంటాము. 'అందం' అనే మాటకు 'ఐన' చేరిస్తే 'అందమైన' అనే విశేషణం, 'గా' చేరిస్తే 'అందంగా' అనే క్రియావిశేషణం ఏర్పడతాయి. 'ఐన', 'గా' రెండూ 'అగు' ధాతువు నుండి పుట్టినవే. ఇంతవరకు మార్గం సుగమంగానే ఉన్నది. 'అందమైన' అన్నచోట 'బ్యూటిఫుల్', 'అందంగా' అన్నచోట 'బ్యూటిఫుల్లీ' అని వ్రాస్తే సరిపోతుందని విద్యార్థి భావిస్తాడు.

చిక్కు ఇక్కడే వస్తుంది. 'ఆమె అందంగా వ్రాస్తుంది', 'ఆమె అందంగా ఉన్నది' అనే రెండు వాక్యాలలోను తెలుగు 'అందంగా' అనే ఒకే రూపాన్ని వాడుతుంది. ఆంగ్లం అట్లా వాడదు. మొదటి వాక్యంలో ఆ మాట వ్రాయడమనే పనిని వర్ణిస్తున్నది; కనుక అక్కడ 'బ్యూటిఫుల్లీ' అనే క్రియావిశేషణం రావాలి. రెండవ వాక్యంలో అది ఆమెనే వర్ణిస్తున్నది. కనుక 'బ్యూటిఫుల్' అనే విశేషణం రావాలి. 'మామిడిపండు తీయగా ఉన్నది' అనే వాక్యాన్ని తలచుకుంటూ 'ద మ్యాంగో టేస్ట్స్ స్వీట్లీ' అని వ్రాసినవాడు తెలుగు 'గా'ను ఆంగ్లంలోనికి మోసుకొని పోయినవాడే. తీపి పండుకు చెందిన గుణం, రుచి చూచే క్రియకు చెందినది కాదు. కనుక 'స్వీట్' అనడమే సరియైన ప్రయోగం.

'బీ', 'సీమ్', 'బికమ్', 'ఫీల్', 'లుక్', 'సౌండ్', 'స్మెల్', 'టేస్ట్' అనేవి ఆంగ్లంలో కర్తను దాని గుణంతో కలిపే క్రియలు. వీని తరువాత సాధారణంగా విశేషణమే వస్తుంది. అయితే వీనిలో కొన్ని రెండు పనులూ చేస్తాయి. 'హి లుక్డ్ యాంగ్రీ' అంటే అతడు కోపంగా కనిపించాడని అర్థం. 'హి లుక్డ్ యాంగ్రిలీ ఎట్ ద బాయ్' అంటే అతడు ఆ కుర్రవాని వైపు కోపంగా చూచాడని అర్థం. తెలుగులో రెండుచోట్లా 'కోపంగా' అనే ఉన్నది; అయినా 'కనిపించాడు', 'చూచాడు' అనే క్రియలు భేదాన్ని కాపాడుతున్నాయి. ఆంగ్లంలో క్రియ ఒక్కటే. భేదాన్ని కాపాడే భారం 'లీ' అనే ప్రత్యయం మీద పడింది.

ఇది తెలుగువారికి మాత్రమే ఎదురయ్యే చిక్కు కాదు. తమిళంలో 'ఆగ', కన్నడంలో 'ఆగి', మలయాళంలో 'ఆయి' అనేవి తెలుగు 'గా' చేసే పనినే చేస్తాయి. అవి కూడా ఆయా భాషలలో 'అగు' అనే అర్థం గల ధాతువు నుండి వచ్చినవే. హిందీ మార్గం వేరు. 'ఆమ్ మీఠా హై' అన్నప్పుడు హిందీ విశేషణాన్నే వాడుతుంది. కాబట్టి ఈ చోట హిందీ విద్యార్థి తొట్రుపడడు. కాని హిందీలో 'వహ్ అచ్ఛా గాతా హై' అనడం వాడుక. ఆ అలవాటుతో అతడు 'హి సింగ్స్ గుడ్' అని వ్రాస్తాడు, వ్రాయవలసినది 'వెల్'. ఒకే తరగతిలో కూర్చున్న ఇద్దరు విద్యార్థులు రెండు వేర్వేరు చోట్ల తప్పటడుగు వేస్తారు. వారి వారి భాషల తీరు తెలిసిన ఉపాధ్యాయుడు ఇద్దరినీ దిద్దగలడు.

'లీ' ప్రత్యయపు కథ

'లీ' ఉన్నదంతా క్రియావిశేషణమే అనుకోవడం మరొక పొరపాటు. ఈ ప్రత్యయం పూర్వాంగ్లంలో 'రూపం', 'శరీరం' అనే అర్థం గల మాట నుండి వచ్చినది. 'వంటి' అని చెప్పే 'లైక్' అనే మాటకు అది చుట్టం. అందుచేత నామవాచకానికి చేరినప్పుడు అది విశేషణాన్ని ఇస్తుంది. 'ఫ్రెండ్లీ' అంటే స్నేహితుని వంటి, 'ఫాదర్లీ' అంటే తండ్రి వంటి, 'కవర్డ్లీ' అంటే పిరికివాని వంటి అని అర్థం. విశేషణానికి చేరినప్పుడు మాత్రం సాధారణంగా అది క్రియావిశేషణాన్ని ఇస్తుంది: 'స్లో', 'స్లోలీ', 'హానెస్ట్', 'హానెస్ట్లీ'. 'అతడు స్నేహంగా మాట్లాడాడు' అని చెప్పవలసి వస్తే 'హి స్పోక్ ఇన్ ఎ ఫ్రెండ్లీ వే' అని వ్రాయడం మేలు.

ఇందుకు విరుద్ధంగా 'లీ' లేకుండానే క్రియావిశేషణాలైన మాటలు కొన్ని ఉన్నాయి. 'ఫాస్ట్', 'హార్డ్' అటువంటివి. పూర్వాంగ్లంలో ఈ మాటలకు క్రియావిశేషణ రూపాన్ని ఇచ్చే అచ్చు ఒకటి చివర ఉండేది. కాలక్రమంలో ఆ అచ్చు లోపించింది. దానితో విశేషణం, క్రియావిశేషణం ఒకే రూపంలో మిగిలిపోయాయి.

'లీ' చేరిస్తే తప్పక శుద్ధమవుతుందనే భ్రమ ఎంత ప్రమాదకరమో 'హార్డ్' అనే మాట చూపుతుంది. ఒక అభ్యర్థి ఉద్యోగానికి దరఖాస్తు పెడుతూ, అయిదు సంవత్సరాలు కష్టపడి పని చేశానని చెప్పదలచి 'ఐ వర్క్‌డ్ హార్డ్లీ' అని వ్రాశాడనుకుందాం. 'హార్డ్లీ' అంటే 'దాదాపు లేదు' అని అర్థం. తాను పని చేయనేలేదని అతడే వ్రాసి సంతకం చేసినట్లయింది. ఎంపిక సంఘం అతని శ్రమను చూడలేదు; వారి ముందున్నది ఆ కాగితమే. అట్లే 'లేట్' అంటే ఆలస్యంగా, 'లేట్లీ' అంటే ఇటీవల. 'నియర్' అంటే దగ్గరగా, 'నియర్లీ' అంటే ఇంచుమించుగా. వీనిని జంటలుగా కంఠస్థం చేయడం మంచిది.

'చాలా', 'మరీ'

'వెరీ', 'టూ' అనే మాటల మధ్య భేదం కూడా తరచుగా మరుగున పడుతుంది. మెచ్చుకోలుగా 'టూ గుడ్' అనడం దేశమంతటా వినిపిస్తుంది. నిజానికి ఈ భేదం తెలుగులో స్పష్టంగా ఉన్నది. 'వెరీ' అంటే చాలా. 'టూ' అంటే మరీ. 'కాఫీ చాలా వేడిగా ఉన్నది' అన్నవాడు దానిని సంతోషంగా త్రాగవచ్చు. 'మరీ వేడిగా ఉన్నది' అన్నవాడు త్రాగలేక పక్కన పెట్టాడు. హద్దు మీరినదనే సూచన 'టూ'లోను, 'మరీ'లోను సమానంగా ఉన్నది. తెలుగు ఇచ్చిన ఈ కొలబద్దను వాడుకుంటే ఆంగ్లంలో పొరపాటు జరగదు.

'ఇంటరెస్టింగ్', 'ఇంటరెస్టెడ్' అనే జంటకు కూడా తెలుగే వెలుగు చూపుతుంది. 'ఆసక్తికరమైన' పుస్తకం, 'ఆసక్తి గల' పాఠకుడు అని తెలుగులో ఎవరూ తారుమారు చేయరు. మొదటిది భావాన్ని కలిగించేది. రెండవది భావాన్ని పొందేది. 'టైరింగ్', 'టైర్డ్' అనే మాటలూ ఇంతే. 'ఎ ఫ్యూ' అంటే కొందరు. 'ఎ' లేని 'ఫ్యూ' అంటే కొద్దిమందే. ఆంగ్లంలో చిన్న అక్షరం చేసే పనిని తెలుగులో చివరి ఏకారం చేస్తున్నది.

విశేషణాల వరుస విషయంలో కూడా మాతృభాష తోడ్పడుతుంది. 'రెండు పెద్ద పాత రాతి ఇళ్ళు' అనే మాటలను అదే వరుసలో ఆంగ్లంలోనికి మార్చితే 'టూ బిగ్ ఓల్డ్ స్టోన్ హౌసెస్' అవుతుంది. సంఖ్య, పరిమాణం, వయస్సు, పదార్థం అనే క్రమం రెండు భాషలలోను సహజంగా అమరింది.

పోలికలు

భారతీయ భాషలలో పోలిక చెప్పడానికి విశేషణం రూపం మార్చుకోదు. తెలుగులో 'కంటె', తమిళంలో 'విడ', హిందీలో 'సే' అనే మాటలు ఆ పని చేస్తాయి. 'రాముని కంటె కృష్ణుడు పొడుగు' అన్నప్పుడు 'పొడుగు' మారలేదు. ఆంగ్లంలో విశేషణమే 'టాల్', 'టాలర్', 'టాలెస్ట్' అని మారుతుంది. ఈ మార్పును నమ్మలేని విద్యార్థి 'మోర్' అనే మాటను కూడా చేర్చి 'మోర్ బెటర్', 'మోర్ టాలర్' అని వ్రాస్తాడు. ఒకసారి చెప్పిన పోలికను మరొకసారి చెప్పడం అది.

అయితే విశేషణాన్ని మార్చి పోలిక చెప్పే పద్ధతి మన దేశానికి కొత్తది కాదు. సంస్కృతంలో పాణిని చెప్పిన 'తరప్', 'తమప్', 'ఈయసున్', 'ఇష్ఠన్' అనే ప్రత్యయాలు ఇందుకే ఉన్నవి. 'స్వాదు' అంటే తీయని. 'స్వాదిష్ఠ' అంటే అన్నిటికంటె తీయని. ఆంగ్లంలోని 'స్వీట్', 'స్వీటెస్ట్' అనే మాటలు వీనికి సోదరులు. 1786లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీలో విలియం జోన్స్ సంస్కృతానికి, గ్రీకు, లాటిన్ భాషలకు మూలం ఒక్కటే కావచ్చునని ప్రకటించాడు. తరువాతి పండితులు అటువంటి బాంధవ్యాలను శాస్త్రీయంగా నిరూపించారు.

తెలుగులో నిత్యం వాడే 'జ్యేష్ఠ', 'కనిష్ఠ', 'శ్రేష్ఠ', 'బలిష్ఠ' అనే మాటలన్నీ ఈ 'ఇష్ఠ' ప్రత్యయాంతాలే. 'శ్రేష్ఠ' అన్నప్పుడే అన్నిటికంటె మేలైనదని అర్థం వచ్చింది. వ్యుత్పత్తిని పట్టి చూస్తే 'అత్యంత శ్రేష్ఠమైన' అనడం 'మోస్ట్ బెస్ట్' అనడం వంటిదే. ఆంగ్లంలో తప్పు వెదకేవారు తమ తెలుగును కూడా ఒకసారి పరీక్షించుకోవడం మంచిది.

చిన్న చిన్న ఇళ్ళు

'స్మాల్ స్మాల్ హౌసెస్', 'హాట్ హాట్ కాఫీ', 'స్లోలీ స్లోలీ' అనే ప్రయోగాలను విన్న ఆంగ్లేయుడు విస్తుపోవచ్చు. భారతీయుడు విస్తుపోడు. తెలుగువాని 'చిన్న చిన్న', తమిళుని 'చిన్న చిన్న', హిందీవాని 'ఛోటే ఛోటే', వంగదేశీయుని 'ఛోటో ఛోటో', మరాఠీవాని 'లహాన్ లహాన్' అన్నిటి వెనుక ఒకే మనస్సు పని చేస్తున్నది. ఒక వస్తువు చిన్నదని చెబితే చాలదు. అటువంటివి అనేకం వేర్వేరుగా ఉన్నాయని కూడా ఈ ద్విరుక్తి తెలుపుతుంది. 'ధీరే ధీరే', 'మెల్లమెల్లగా' అన్నప్పుడు పని క్రమక్రమంగా సాగుతున్నదని స్ఫురిస్తుంది.

వేర్వేరు కుటుంబాలకు చెందిన భాషలు కూడా తరతరాలుగా ఒకే నేల మీద కలిసి జీవించడం వల్ల సమాన లక్షణాలను అలవరచుకుంటాయి. ఈ దృష్టితో భాషాశాస్త్రవేత్త మరే ఎమెనో 1956లో భారతదేశాన్ని ఒక భాషా మండలంగా నిరూపించాడు. దక్షిణాసియా భాషలలోని ద్విరుక్తిని గురించి అన్వితా అబ్బి 1992లో ప్రత్యేక గ్రంథమే వెలువరించారు. అందుచేత 'స్మాల్ స్మాల్' అనేది నవ్వవలసిన తప్పు కాదు. అది ఈ దేశపు భాషల ఉమ్మడి ఆస్తి. అయితే ప్రామాణిక ఆంగ్ల రచనలో దానికి చోటు లేదు. అక్కడ 'ఎ నంబర్ ఆఫ్ స్మాల్ హౌసెస్', 'పైపింగ్ హాట్ కాఫీ', 'గ్రాడ్యువల్లీ' వంటి ప్రయోగాలను వెదకాలి. ద్విరుక్తి మోసిన అర్థాన్ని పోగొట్టకుండా మరొక రూపంలో చెప్పడమే సమర్థుడైన రచయిత చేసే పని.

స్థానబలం

'ఐ కేమ్ యెస్టర్డే ఓన్లీ' అనే వాక్యం కూడా దేశవ్యాప్తమైనదే. 'నిన్ననే' అనే తెలుగు ఏకారం, 'కల్ హీ' అనే హిందీ మాట, 'నేట్రుదాన్' అనే తమిళపు మాట, మరాఠీలోని చకారం అన్నీ తాము నొక్కి చెప్పే మాటకు వెనుకనే నిలుస్తాయి. ఆంగ్లపు 'ఓన్లీ' సాధారణంగా ఆ మాటకు ముందు నిలుస్తుంది. స్థానం మారితే అర్థం మారుతుంది. 'ఓన్లీ రాము రెడ్ ద లెటర్' అంటే రాముడొక్కడే ఉత్తరాన్ని చదివాడు. 'రాము రెడ్ ఓన్లీ ద లెటర్' అంటే అతడు ఉత్తరాన్ని తప్ప మరి దేనినీ చదవలేదు. 'రాము ఓన్లీ రెడ్ ద లెటర్' అంటే చదివాడే గాని జవాబు వ్రాయడం వంటి మరే పనీ చేయలేదనే అర్థం వస్తుంది.

రాజ్యాంగపు 15వ అధికరణం ఏ పౌరుని పట్ల కూడా మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం అనే కారణాల వల్ల మాత్రమే రాజ్యం వివక్ష చూపరాదని శాసిస్తున్నది. అక్కడ 'ఓన్లీ' అనే మాట సరిగ్గా ఆ కారణాల పట్టికకు ముందే నిలిచింది. క్రియకు ముందు ఆ మాటను జరిపితే 'వివక్ష మాత్రం చూపరాదు, మరేమైనా చేయవచ్చు' అన్నట్లు వాక్యం తలక్రిందులవుతుంది. పౌరుల సమానత్వాన్ని చెప్పే వాక్యంలో క్రియావిశేషణపు స్థానం సైతం ఇంత ముఖ్యమైనది.

ఇక క్రియకు, దాని కర్మకు మధ్య క్రియావిశేషణాన్ని ఇరికించడం ఆంగ్లానికి సాధారణంగా సరిపడదు. 'షి స్పీక్స్ ఫ్లూయెంట్లీ తమిళ్' అనరాదు; 'షి స్పీక్స్ తమిళ్ ఫ్లూయెంట్లీ' అనాలి. తెలుగులో క్రియ వాక్యాంతంలో ఉంటుంది గనుక క్రియావిశేషణం దానికి ముందే రావడం మనకు అలవాటు. ఆంగ్లంలో కర్మను దాటిన తరువాత దానిని చేర్చడం అలవాటు చేసుకోవాలి.

మితత్వం

రూపం సరియైనదే, స్థానమూ సరియైనదే అయినా ఆ మాట అవసరమా అనే ప్రశ్న మిగిలే ఉంటుంది. విన్నపాలలో 'మోస్ట్ హంబ్లీ అండ్ రెస్పెక్ట్‌ఫుల్లీ' వంటి మాటల దండలు పాత కాలపు కచేరీల నుండి సంక్రమించినవి. కోరిక ఏదో చెప్పకముందే సగం కాగితం నిండిపోతుంది. తన సంకోచ స్వభావం తనకు మాటల పొదుపును నేర్పిందని గాంధీజీ ఆత్మకథలో చెప్పుకున్నారు. 'వరద వచ్చింది, నూరు ఇళ్ళు కూలిపోయినవి' అనే వాక్యానికి 'అతి భయంకరమైన' అనే విశేషణం బలాన్నీయదు. నూరు అనే సంఖ్యే ఆ పని చేసింది. కచ్చితమైన నామవాచకం, కచ్చితమైన క్రియ దొరికినప్పుడు విశేషణాల అవసరం తగ్గిపోతుంది.

ఆంగ్లంలో వ్రాసే విద్యార్థి వాక్యం ముగించిన తరువాత మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ మాట వస్తువును వర్ణిస్తున్నదా, పనిని వర్ణిస్తున్నదా? తాను వర్ణించే మాటకు ఇది తగినంత దగ్గరగా నిలిచిందా? దీనిని తొలగిస్తే వాక్యం ఏమైనా కోల్పోతుందా? మొదటి ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఆంగ్ల వ్యాకరణంతో పాటు మాతృభాషా వ్యాకరణం కూడా తెలియాలి. తెలుగు 'గా' ఏమి చేస్తున్నదో ఎరిగినవాడే 'లీ'ని ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వదలాలో ఎరుగుతాడు.

ఇతర రాష్ట్రాల విద్యార్థి వ్రాసిన ఆంగ్లంలో వింతగా తోచే ప్రయోగం కనిపించినప్పుడు దాని వెనుక అతని భాష ఉన్నదని గ్రహించడం సంస్కారం. ఆ భాషను విచారిస్తే, ఎక్కువసార్లు అక్కడ తన భాషకే పోలిక కనిపిస్తుంది. పాఠశాలలలోను, కళాశాలలలోను ఆంగ్ల వ్యాకరణాన్ని తెలుగు వ్యాకరణంతోను, పొరుగు భాషల వ్యాకరణాలతోను పోల్చి బోధించే పద్ధతిని ఉపాధ్యాయులు అవలంబించాలి. విద్యార్థుల ఆంగ్లం శుద్ధమవుతుంది. తోటి భారతీయుల భాషల మీద గౌరవమూ పెరుగుతుంది.